అన్నయ్య బూటు మీద నా మడమ

నవంబర్ 9, ఆదివారం

ఎవరికీ చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. నేను కుట్టే స్కూలు యూనిఫాంల కొలతలు రాసుకునే నోటుబుక్కు ఇది. వెనకనుంచి మొదలుపెట్టాను.

ఈరోజు రిహార్సల్లో అన్నయ్య అడ్డం పడ్డాడు.

రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ఎవేలియో అడ్డం పడటమేమిటి? మా కాలీ ఊళ్ళో కాంగా డోళ్ళు వాయించేవాళ్ళలో సగం మంది అన్నయ్య చేత తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. నాకు బోంగో అనే చిన్న జంటడోళ్ళు నేర్పిందీ తనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆడపిల్లకి డోలేమిటని నాన్న అరుస్తుంటే, నా చేతిలో రెండు చెక్కముక్కలు పెట్టి పెరట్లో కూర్చోబెట్టాడు. ఇదే క్లావే అన్నాడు. ఐదు దెబ్బలు. ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు. పియానో, ట్రంపెట్, పాట, నాట్యం, అన్నీ ఈ ఐదింటి మీదే కూర్చుంటాయి. మూడు ఉన్న పక్క రెండని పొరబడి వాయించావనుకో, వేగం తప్పదు, శ్రుతి తప్పదు, అయినా పాట కుంటుతుంది, అదే అడ్డం పడటమంటే, మన పేటలో అంతకంటే సిగ్గుచేటు లేదు అన్నాడు. నేను అడ్డం పడిన ప్రతిసారీ టక్కున నా మణికట్టు పట్టుకుని ఆపేసేవాడు. పోనీలే చిన్నపిల్ల అని ఒక్కసారి కూడా నాతోపాటు తప్పు వాయించలేదు.

ఇవాళ మూడో పాటలో అందరం ఒక క్షణం ఆగి మళ్ళీ అందుకునే చోటు ఒకటుంది. అక్కడ తను తిరగేసి అందుకున్నాడు. నాలుగు చుట్లు అలాగే వాయించాడు. మా బ్యాండు పెద్ద గిల్దార్దో ట్రంపెట్ దించి చెయ్యెత్తాడు. అన్నయ్య పకపకా నవ్వి, బాస్ వాయించే రోబిన్సన్ వైపు తిరిగి, ఏరా, పొద్దున్నే పుచ్చుకుని వచ్చావా, అడ్డంగా పోతున్నావు అన్నాడు.

రోబిన్సన్ అన్నయ్య మొహం చూశాడు. నా మొహం చూశాడు. తప్పు నాదే మాస్టారూ అన్నాడు.

నవంబర్ 10

అలసట అయ్యుంటుంది. అంతే.

నవంబర్ 16, ఆదివారం

అలసట కాదు.

అన్నయ్య ఇంట్లో భోజనం. కుక్కర్లో కోడీ అరటికాయా ఉడుకుతున్నాయి. మార్లెనీ వదిన నన్ను పెరట్లోకి లాక్కెళ్తూ, కూత వస్తే కట్టెయ్యండి అని అన్నయ్యకి చెప్పింది. తను స్టవ్వుకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. కాసేపటికి కుక్కర్ కూత పెట్టింది. అలా పెడుతూనే ఉంది. పక్కింటావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమ్మా, ఇంట్లో ఎవరూ లేరా అంది. మేం లోపలికి పరిగెత్తాం. ఏం చేస్తున్నారండీ అని వదిన అరిస్తే, ఇంకా కూయలేదే అన్నాడు. అది కూస్తుండగానే అన్నాడు.

స్టవ్వు నేనే కట్టేశాను.

ఆ తర్వాత గిన్నెలు తోముతూ వదిన చెప్పింది. ఆరు నెలలుగా ఇంతేనట. లారీ శబ్దం వినిపిస్తుంది, డోలు వినిపిస్తుంది, మగగొంతు వినిపిస్తుంది. సన్నటి శబ్దాలే వినిపించవట. కాలింగ్ బెల్ వినిపించదు. పంజరంలో పిట్ట పాడటం మానేసిందనీ, దానికి జబ్బు చేసిందనీ, ఎవరికైనా ఇచ్చేద్దామనీ అంటున్నాడట. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ పిట్ట మా నెత్తి మీదే అరుస్తోంది.

క్లావే కూడా సన్నటి శబ్దమే కదా వదినా అన్నాను. ఆవిడ చేతిలో గిన్నె దించేసింది. డాక్టరుకి చూపిద్దామంటే నా మీద విరుచుకుపడ్డారు అంపారో, ఎవేలియో చెవుల్ని డాక్టరు పరీక్ష చేయాలా అన్నారు, డోలు మానమంటే ఆ మనిషి మంచం పడతారు, నువ్వు మాత్రం నోరు జారకు, నా మీద ఒట్టు అంది.

ఒట్టు వేశాను. వేయకుండా ఉండాల్సింది.

నవంబర్ 18

ఇదొకటి తక్కువైంది ఇప్పుడు.

గిల్దార్దో ఫోన్ చేశాడు. డిసెంబర్ 27 మధ్యాహ్నం, జాతర రోజుల్లో, పార్కులో పెద్ద కచేరీ. న్యూయార్క్ నుంచి మార్సియల్ బెరియోస్ వస్తున్నాడు. పియానో. ఒక జపాన్ ఆయన ట్రాంబోన్. మిగతా అంతా మేమే. బెరియోస్ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటంటే, నేను చిన్నప్పుడు విన్న పాత రికార్డులో కాంగాలు వాయించిన ఎవేలియో బతికే ఉన్నాడా, ఉంటే ఆయన లేకుండా నేను రాను అన్నాడట. అన్నయ్య కోసం కొత్త పాట ఒకటి రాశాడట. పదహారు చుట్లు కాంగాలు ఒక్కటే, తర్వాత ఒక చుట్టు మొత్తం నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచి ముందు అన్నయ్య అందుకోవాలి, వెనకే అందరూ.

నిశ్శబ్దంలోంచి! సరిగ్గా ఎక్కడ తప్పుతున్నాడో అక్కడే.

సాయంత్రానికల్లా అన్నయ్య తెల్లబూట్లు కొనేశాడు.

నవంబర్ 23, ఆదివారం

ఉపాయం దొరికింది.

నేను తనకి కుడిపక్కన కూర్చుంటాను. ఇవాళ నా కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపి, ఎడమ మడమ తన బూటు మీద ఆనించి, ఐదు దెబ్బలూ అక్కడ కొట్టాను. మూడు, రెండు. మూడు, రెండు. చెవికి అందనిది కాలికి అందదా? అందింది. రిహార్సల్ మొత్తం ఒక్కసారి కూడా అడ్డం పడలేదు.

తను మాత్రం మొదట్లోనే కసిరాడు. ఏమే, నేల మొత్తం అమ్ముడైపోయిందా, నా కాలే దొరికిందా అన్నాడు. టెన్షన్‌గా ఉంది అన్నయ్యా, ఫారిన్ వాళ్ళతో వాయించాలంటే భయం, నీ కాలు తగిలితే ధైర్యంగా ఉంటుంది అన్నాను. కరిగిపోయాడు వెర్రిమనిషి. యాభై రెండేళ్ళొచ్చినా ఇది నా చొక్కా అంచు వదల్లేదురా అని అందరికీ చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంత తేలిగ్గా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

నవంబర్ 30

తెల్లబూటు పైన నా మడమ ముద్ర పడిందట. వదిన పాలిష్ చేస్తోందట.

డిసెంబర్ 3

చెప్పేద్దామని వెళ్ళాను. ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. కుట్టుమిషన్ ముందు కూర్చుని పొద్దుట్నుంచీ మాటలు కూర్చుకున్నాను. అన్నయ్యా, నీ చెవులకి కొంచెం, అని మొదలుపెట్టాలి. కొంచెం అనే మాట తప్పకుండా ఉండాలి.

తను షెడ్డులో డోలుకి కొత్త తోలు బిగిస్తున్నాడు. చెంప చెక్కకి ఆనించి అరచేత్తో తడుతూ, ఎంత బాగా పలుకుతోందో చూడవే అన్నాడు. నిజంగానే పలుకుతోంది. లావు శబ్దం కదా, అది తనకి అందుతుంది. అంపారో, మనలాంటివాళ్ళని ఎవడు గుర్తుపెట్టుకుంటాడే, పాడినవాడి పేరుంటుంది, రికార్డు అట్ట మీద బొమ్మలో నిలబడినవాడి పేరుంటుంది, అరవై మూడేళ్ళకి ఒకడు నన్ను పేరుపెట్టి అడిగాడు, ఇంక రేపు పోయినా పర్వాలేదు అన్నాడు.

వదినకి కావాలంటే కర్టెన్లు కుట్టిపెడతానని చెప్పి వచ్చేశాను. కర్టెన్లట!

డిసెంబర్ 14

నా కాలు సరిగ్గా ఆననప్పుడు ఇవాళ రెండుసార్లు అడ్డం పడ్డాడు. రెండుసార్లూ బ్యాండు మొత్తం తనతోపాటే తప్పు తాళంలోకి తిరిగింది. బాసూ, ట్రంపెట్లూ, పాటగాడి చేతిలో క్లావే కూడా. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అంటే అందరికీ తెలుసు.

డిసెంబర్ 23, మంగళవారం

వాళ్ళొచ్చారు. బెరియోస్ బక్కమనిషి, తలమీద టోపీ తియ్యడు. లోపలికి వస్తూనే అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూశాడు. అన్నయ్య చిన్నపిల్లాడిలా మెలికలు తిరిగాడు. జపాన్ ఆయన పేరు హిరోకాజు. మా ఊళ్ళో ఎప్పుడెప్పుడు ఏ రికార్డు వచ్చిందో మాకంటే బాగా చెప్తున్నాడు. రోబిన్సన్ నోరెళ్ళబెట్టి, మాస్టారూ, ఈయనది జపానా, మన సంత వెనక సందా అన్నాడు.

వాయించాం. పది నిమిషాలైందో లేదో, బెరియోస్ పియానో మీంచి వంగి నా కాలు చూశాడు. మళ్ళీ చూశాడు. విరామంలో నన్ను వరండాలోకి పిలిచాడు.

ఎన్నాళ్ళనుంచమ్మా అని అడిగాడు.

బయటివాడి ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను. దాచడానికేం మిగిల్లేదు, అంతా చెప్పాను. అయ్యో, నేనిప్పుడే ఆయనతో అనేశానే అన్నాడు. ఏమన్నాడంటే, కచేరీలో కాంగాలు వెనక వరసలో ఉండవు, స్టేజి ముందు మధ్యలో విడిగా ఒక గద్దె వేయిస్తాను, దానిమీద మీరొక్కరే అన్నాడట. గౌరవం కోసం. సౌండ్ ఇంజినీరు అప్పుడే కొలతలు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకూ అన్నయ్యకీ మధ్య మూడు మీటర్లు.

మార్చండి, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. మారుస్తానమ్మా, ఏం కారణం చెప్పను, మీరే చెప్పండి అన్నాడు. నా దగ్గర కారణం లేదు. ఉన్నది ఒకటే, అది ఎవరమూ పైకి అనలేం. మీరు చెప్పండి ఆయనకి, చెల్లెలు కదా అన్నాడు. మీరే చెప్పండి, ఆయన మీ మాట వింటాడు అన్నాను. ఆయన రికార్డులు విని చేతులు వాచేలా బల్లమీద వాయించుకున్నవాణ్ణి, నాకు నోరెలా వస్తుందమ్మా అన్నాడు. లోపల అన్నయ్య హిరోకాజుకి మా నాన్న గురించి ఏదో జోకు చెప్తున్నాడు.

చివరికి బెరియోస్, తప్పితే తప్పనీ, ఆయన ఎటు తిరిగితే అందరం అటే తిరుగుదాం, జనానికేం తెలుస్తుంది అన్నాడు.

సరేనన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్ళోనే ఉన్నదాన్ని, సరేనన్నాను.

డిసెంబర్ 24

పండగ. వదిన జున్ను ఉండలు వేయించింది. ఇవాళైనా చెప్పాలి.

అన్నయ్య నాకో పొట్లం ఇచ్చాడు. విప్పితే గంట. పాట ఊపందుకున్నాక బోంగో వదిలి చేతిలోకి తీసుకుని కర్రతో కొట్టే గంట. కమ్మరితో చేయించాడట. నీ పాతది మొద్దుబారిందే, ఈమధ్య అది నాకసలు వినిపించడమే లేదు, ఇది గట్టిగా కొట్టు అన్నాడు.

కొట్టాను. వినిపించిందా అన్నాను. తల కొంచెం పక్కకి తిప్పి, ఆఁ, ఇది నయం అన్నాడు.

నయమట. నేనింకేం చెప్పను?

డిసెంబర్ 27, ఉదయం 10

అన్నం సహించలేదు. అన్నయ్య మాత్రం మూడు కోడిగుడ్లు తిని, ఈల వేస్తూ బూట్లు తుడుచుకుంటున్నాడట. ఆ ఈల తనకి వినిపిస్తోందా?

డిసెంబర్ 28

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను, మళ్ళీ చదవను.

మధ్యాహ్నం నాలుగింటికి మొదలైంది. ఎండ. పార్కు నిండా జనం. వాళ్ళ చేతుల్లోనూ నా దానిలాంటి గంటలు, కర్రలు. ఎందుకు మర్చిపోయాను? మా ఊరి జనం ఉత్త చేతులతో కచేరీకి వస్తారా? పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. ఇంట్లో రికార్డు పెట్టుకున్నా దాంతోపాటు గంట వాయించేవాళ్ళు, చంకలో గంట పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఎవరూ పిలవరు, ఎవరూ ఆపరు. బెరియోస్ పరాయివాడు, అతనికి తెలియదు. నాకేమైంది?

స్టేజి మీంచి చూస్తే వందల గంటలు.

మొదటి రెండు పాటలూ బాగానే గడిచాయి. గద్దె మీద అన్నయ్య, తెల్లచొక్కా, తెల్లబూట్లు, వెనకనుంచి చూస్తే నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. తర్వాత కొత్త పాట. పదహారు చుట్లు అన్నయ్య ఒక్కడే వాయించాడు. అంత గొప్పగా ఎప్పుడూ వాయించలేదు. ఇది చెల్లెలి మాట కాదు. బెరియోస్ పియానో మీద చేతులు ఉంచి కళ్ళు మూసుకున్నాడు. హిరోకాజు ట్రాంబోన్ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. జనం కూడా గంటలు ఆపి విన్నారు.

నిశ్శబ్దం వచ్చింది. నా మడమ ఉత్త చెక్క మీద కొట్టుకుంటోంది. మూడు, రెండు. మూడు మీటర్లు.

తిరగేసి అందుకున్నాడు.

అనుకున్నట్టే అందరం తనవైపు తిరిగాం. పియానో తిరిగింది, బాస్ తిరిగింది, నా కొత్త గంటా తిరిగింది. జనం మాత్రం తిరగలేదు. వాళ్ళెందుకు తిరుగుతారు? వాళ్ళకి ఒట్టుందా, మొహమాటముందా? క్లావే ఎక్కడుండాలో అక్కడే వందల గంటలు మోగాయి. స్టేజి ఒక పక్క, ఊరు ఒక పక్క. రెండు బస్సులు ఎదురెదురుగా గుద్దుకున్నట్టుంది.

అన్నయ్యకి ఆ గంటలు వినిపించలేదు. కనిపించాయి. ముందు వరసలో పసుపు గౌను వేసుకున్న లావుపాటావిడ చెయ్యి, తన చెయ్యి లేచినప్పుడు దిగుతోంది. ఆమె పక్కవాడి చెయ్యీ అంతే. వెనకవాళ్ళవీ అంతే. అన్నయ్య నవ్వాడు. తల ఆడిస్తూ, అడ్డం పడ్డారు మీరు, అడ్డం పడ్డారు అని సైగ చేశాడు. ఊరి మొత్తానికి చేశాడు. దేవుడా, ఆ నవ్వు.

వాళ్ళు ఆపలేదు. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చిన్నప్పట్నుంచీ ఎవరి చెయ్యి తప్పితే మణికట్టు పట్టుకున్నాడో ఆ చేతికేసి చూశాడు. నా చెయ్యి తనతోనే ఉంది. తర్వాత నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. అంతే నేను చేసింది.

ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. చేతులు డోళ్ళ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

డోలు ఆగేసరికి ఒక్కొక్కరమే ఆగిపోయాం. జనం అదీ పాటలో భాగమే అనుకున్నారు. కేకలు వేశారు, ఈలలు వేశారు. తమ గంటలు తామే వాయించుకున్నారు. కాసేపటికి బెరియోస్ వాళ్ళ తాళంలోకి పియానోతో మెల్లగా దిగాడు, వెనకే మేమూ దిగాం. కాంగాలు లేకుండానే పాట అయిపోయింది. మిగతా కచేరీ కూడా. అన్నయ్య ఆ గద్దె మీదే కూర్చున్నాడు, చివరిదాకా, ఒళ్ళో చేతులతో, అందరి మధ్యలో. దిగిపోవచ్చు కదా? దిగలేదు. దించడానికి మాకెవరికీ మొహం చెల్లలేదు.

రాత్రి వదిన ఫోన్ చేసింది. అన్నయ్య ఇంకా పడుకోలేదట. పిట్ట పంజరం ముందు కూర్చుని దాని ముక్కు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తున్నాడట.

డిసెంబర్ 30

పిలిపించాడు. వెళ్ళాను. ఎవరెవరికి తెలుసు అని అడిగాడు. గట్టిగా, నోరు బాగా తెరిచి చెప్పాను. వదిన. నేను. గిల్దార్దో. రోబిన్సన్. బెరియోస్. అందరూ.

చెవుల గురించి కోపగిస్తాడనుకున్నాను. దాని ఊసే ఎత్తలేదు. నేను తప్పితే నన్నాపాలి, పన్నెండుమంది నాతోపాటు తప్పు వాయిస్తారటే, ఊరందరి ముందూ తెలిసి తెలిసి తప్పు వాయిస్తారటే, ఇదేనా నేను నీకు నేర్పింది అన్నాడు. నీ మీద ప్రేమతోనే అన్నయ్యా అన్నాను. ఆ ప్రేమ పసుపు గౌనావిడకి లేదు, అందుకే నాకు నిజం చెప్పింది అన్నాడు. ఇంక వెళ్ళవే అన్నాడు.

గేటు దాటాక గుర్తొచ్చింది, నా మణికట్టు పట్టుకుని ఆపడానికి తనకి ఒక్క క్షణం పట్టేది. నాకు ఏడు వారాలు దొరికాయి.

జనవరి 1

అన్నయ్య ఫోన్ ఎత్తలేదు. తనకి రింగు వినిపించదని మర్చిపోయాను. లేకపోతే అందుకు కాదేమో.

జనవరి 4, ఆదివారం

రిహార్సల్. అన్నయ్య వచ్చాడు. డోళ్ళు తేలేదు. నా ఎడమపక్కన కుర్చీ వేసుకుని, తెల్లబూటు విప్పి, మేజోడు విప్పి, ఉత్త పాదం నా మడమ కిందికి తోశాడు.

కొట్టవే అన్నాడు.